వరిలో ఎలుకలు: ఏ దశలో ఏ మందు ఎంచుకోవాలి?

సార్వా వరి పిలకలు వేస్తున్న రోజుల్లో గట్టు మీద నుంచి చూస్తే చేను నిండుగానే కనిపిస్తుంది. లోపలికి దిగితే మడి మధ్యలో దుబ్బులు కొరికి పడేసి ఉంటాయి. వెంటనే దుకాణానికి వెళ్లి ఎలుకల మందు అడుగుతాం. ఆయన ఇచ్చింది తెచ్చి నూకల్లో కలిపి గట్ల మీద వేస్తాం. మొదటి రాత్రి నాలుగైదు ఎలుకలు చస్తాయి. మర్నాటి నుంచి ఎర వేసినది వేసినట్టే ఉంటుంది. మందు నకిలీదని అనుకుని మరో దుకాణానికి వెళ్తాం.

చాలాసార్లు తప్పు మందులో ఉండదు. ఎలుకల మందులన్నీ ఒకేలా పనిచేయవు. ఒక మందు గంటల్లో చంపుతుంది, కానీ సీజనులో ఒక్కసారే పనికొస్తుంది. ఇంకోటి రోజుల తరబడి సమయం తీసుకుంటుంది, కానీ ఎలుకకు అనుమానం రానివ్వదు. పైరు పాలు పోసుకున్నాక మాత్రం ఏ ఎర పెట్టినా పెద్దగా ఉపయోగం ఉండదు. ఏ దశలో ఏది వాడాలో, ఎంత కొలతలో కలపాలో, ఏది అసలు ముట్టుకోకూడదో ఈ వ్యాసంలో వివరంగా చూద్దాం.

ముందు ఎలుక నష్టమేనా అని చూసుకోండి

కాండం తొలుచు పురుగు వల్ల మొవ్వ చస్తే, చచ్చిన మొవ్వ లాగగానే ఊడి వస్తుంది. ఎలుక కొరికిన పిలక నీటి మట్టానికి కాస్త పైన ఏటవాలుగా తెగి ఉంటుంది. తెగిన ముక్కలు పక్కనే పడి ఉంటాయి. నష్టం సాధారణంగా గట్టు పక్కన కాకుండా మడి లోపల మొదలవుతుంది. అందుకే గట్టు మీద నుంచి చూసే రైతుకు ఆలస్యంగా తెలుస్తుంది.

కృష్ణా డెల్టా వరి పొలాల్లో ఎక్కువ నష్టం చేసేది చిన్న పందికొక్కు జాతి ఎలుక. దీని శాస్త్రీయ నామం బాండికోటా బెంగాలెన్సిస్. ఇది గట్లలో, కాలువ కట్టల్లో లోతుగా బొరియలు తవ్వుతుంది. తవ్విన మట్టిని బయటికి నెట్టి కుప్ప పోస్తుంది. చాలాసార్లు లోపలి నుంచి ద్వారాన్ని మట్టితో మూసుకుంటుంది కూడా. కాబట్టి కన్నం కనిపించలేదు కదా అని వదిలేయకండి. గట్టు మీద తాజా మట్టికుప్ప ఉంటే దాని కింద ఎలుక ఉన్నట్టే. గింజ గట్టిపడే రోజుల్లో ఇది కంకులు కోసుకెళ్లి బొరియలో దాచుకుంటుంది. తినేదానికంటే పాడు చేసేదీ, దాచేదీ ఎక్కువ.

దీనితోపాటు చిట్టెలుకలు, మెత్తని బొచ్చు ఉండే పొలం ఎలుకలు కూడా ఉంటాయి. చిట్టెలుక కన్నం రూపాయి బిళ్లంత చిన్నగా ఉంటుంది.

ఆడ ఎలుక చూలు మోసేది దాదాపు మూడు వారాలే. ఒక ఈతలో ఆరేడు పిల్లలు పుట్టడం మామూలే. ఆ పిల్లలు రెండు మూడు నెలల్లో మళ్లీ పిల్లలు పెట్టే వయసుకు వస్తాయి. పిలకల దశలో ఒక జంటను వదిలేస్తే కోత నాటికి దాని సంతతి మొత్తాన్ని మీ చేను పోషించాలి.

జింక్ ఫాస్ఫైడ్: సీజనుకు ఒక్కసారే

ఇది నల్లని పొడి. ఎలుక పొట్టలోని ఆమ్లంతో కలిసినప్పుడు ఫాస్ఫీన్ అనే విష వాయువు విడుదలవుతుంది. ఎలుక గంటల్లో చస్తుంది. ఎలుకలు విపరీతంగా ఉన్నప్పుడు సంఖ్యను ఒక్కసారిగా తగ్గించడానికి ఇది పనికొస్తుంది.

దీని లోపం కూడా ఆ వేగంలోనే ఉంది. ఎలుక కొత్త తిండిని ముందు కొంచెమే రుచి చూస్తుంది. చావుకు సరిపోనంత తిని బతికి బయటపడిన ఎలుకకు ఆ తిండే తనను బాధపెట్టిందని తెలిసిపోతుంది. ఆ తర్వాత వారాల తరబడి ఆ ఎర జోలికి రాదు. దీన్నే ఎర పట్ల బెదురు అంటారు. మొదటి రాత్రి నాలుగు చచ్చి, మర్నాటి నుంచి ఎర ముట్టకపోవడానికి కారణం ఇదే.

అందుకే జింక్ ఫాస్ఫైడ్ వాడేటప్పుడు ముందుగా విషం లేని ఎర అలవాటు చేయాలి. 98 పాళ్లు నూకలకు 2 పాళ్లు వంటనూనె కలిపి, బొరియకు 20 గ్రాముల చొప్పున రెండు మూడు రోజులు పెట్టండి. ఎలుకలు ధైర్యంగా తింటున్నాయని తేలాక, 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు మందు కలిపి బొరియకు 10 గ్రాములు పెట్టండి. అదే సీజనులో రెండోసారి ఈ మందు వాడొద్దు. బతికిన ఎలుకల కోసం మందు మార్చాలి.

తడి తగిలితే ఈ మందు పాడవుతుంది, విష వాయువు కూడా వెలువడుతుంది. వాన పడే రోజున ఎర పెట్టకండి. తడి చేతులతో, తడి పాత్రల్లో కలపకండి. మనిషి మింగితే దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు.

బ్రోమోడయోలోన్: ప్రధానంగా వాడాల్సిన మందు

ఇది రక్తం గడ్డకట్టకుండా చేసే మందు. తిన్న ఎలుక వెంటనే చావదు. మూడో రోజు నుంచి పదో రోజు లోపు లోపలి రక్తస్రావంతో చస్తుంది. అప్పటికి ఏ తిండి వల్ల తనకు ఇలా అయిందో ఎలుకకు తెలియదు. మిగతా ఎలుకలూ బెదరవు. కాబట్టి ముందుగా ఎర అలవాటు చేయాల్సిన పని లేదు, తర్వాత మళ్లీ వేసినా తింటాయి.

చాలామంది దీన్ని మధ్యలో వదిలేయడానికి కారణం ఓపిక లేకపోవడమే. రెండో రోజు పొలానికి వెళ్లి చచ్చిన ఎలుక కనిపించలేదని మందును తప్పుపడతారు. చాలా ఎలుకలు బొరియల్లోనే చస్తాయి, బయట కనిపించవు. మందు పనిచేసిందా లేదా అన్నది చచ్చిన ఎలుకలను బట్టి కాకుండా, వారం పది రోజుల తర్వాత మళ్లీ తెరుచుకున్న బొరియలను బట్టి లెక్క వేయాలి.

కొనేటప్పుడు ఒక విషయం తప్పక చూడండి. ఇది రెండు రూపాల్లో దొరుకుతుంది. 0.25 శాతం ఉన్న పొడి నూకల్లో కలుపుకోవడానికి. 0.005 శాతం ఉన్న బిళ్లలు నేరుగా పెట్టడానికి. బిళ్లలను పొడి చేసి మళ్లీ నూకల్లో కలిపితే మందు మరీ పలుచనై ఎలుకకు ఏమీ కాదు. పొడిని ఎక్కువ వేస్తే మందు గట్టిగా పనిచేస్తుందనుకోవడమూ పొరపాటే. డబ్బు వృథా, కుక్కలకూ పక్షులకూ ప్రమాదం ఎక్కువ. సీసా మీద, ప్యాకెట్ మీద శాతం చదివించుకుని కొనండి. బిల్లు తీసుకోండి.

ఎర కలిపే కొలత

ఒక కిలో ఎరకు:
- నూకలు 960 గ్రాములు
- వంటనూనె 20 గ్రాములు
- 0.25 శాతం బ్రోమోడయోలోన్ పొడి 20 గ్రాములు

ముందు నూకలకు నూనె పట్టించండి. తర్వాత మందు చల్లి ప్రతి గింజకూ అంటేలా కర్రతో కలపండి. నూనె లేకపోతే పొడి గింజకు అంటుకోకుండా అడుగుకు జారిపోతుంది. ముక్కిపోయిన నూకలు, బూజు వాసన వచ్చే నూనె వాడకండి. మనం తినలేనిది ఎలుక కూడా ఇష్టంగా తినదు.

కలిపిన ఎరను 15 గ్రాముల చొప్పున కాగితం పొట్లాలు కట్టండి. ఎకరాకు 40 తాజా బొరియలు ఉన్నాయనుకుంటే 40 పొట్లాలు, అంటే 600 గ్రాముల ఎర కావాలి. దానికి నూకలు 576 గ్రాములు, నూనె 12 గ్రాములు, మందు 12 గ్రాములు సరిపోతాయి. బొరియలు లెక్కపెట్టకుండా గుప్పెళ్లతో చల్లితే ఇంతకు ఎన్నో రెట్లు ఖర్చవుతుంది, ఎక్కువ భాగం పిచ్చుకల పాలవుతుంది.

ఎప్పుడు వేయాలి?

మందు ఎంత మంచిదైనా ఎలుక తింటేనే పనిచేస్తుంది. పొలంలో వేరే తిండి లేనప్పుడే ఎర మీదికి వస్తుంది. కంకి పాలు పోసుకున్నాక చేనంతా దానికి విందే. అప్పుడు గట్టు మీద పెట్టిన నూకల కోసం ఎలుక ఆగదు. మన రైతుల్లో ఎక్కువమంది మందు కొనేది మాత్రం సరిగ్గా అప్పుడే, నష్టం కళ్లకు కనిపించాక.

మొదటి విడత: నాట్లకు ముందు. వేసవిలో పొలాల్లో తిండి ఉండదు. ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువలకు నీరు వదిలి మడులు తడిసే వేళకు ఎలుకలు కాలువ కట్టల మీద, డొంకల్లో, చెరకు తోటల్లో, చేపల చెరువుల గట్లలో గుమిగూడి ఉంటాయి. సంఖ్య తక్కువ, ఆకలి ఎక్కువ, ఉండే చోటూ తెలుసు. సంవత్సరం మొత్తంలో తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం వచ్చేది ఈ రోజుల్లోనే.

రెండో విడత: పిలకల దశ. నాటిన 30 నుంచి 45 రోజుల మధ్య, చిరుపొట్టకు రాకముందే పూర్తి చేయండి. ఆ తర్వాత ఎలుకలు జోరుగా పిల్లలు పెడతాయి.

మూడో విడత: కోతల తర్వాత. వరి కోసిన మాగాణిలో మినుము, పెసర, మొక్కజొన్న వేసే రైతులు దీన్ని వదలకూడదు. కుప్పల కింద, గట్లలో మిగిలిన ఎలుకలు రెండో పంట మీదికి వస్తాయి.

వరద తర్వాత ఒక అవకాశం ఉంటుంది. 2024 సెప్టెంబరు బుడమేరు వరదల లాంటి సమయంలో పల్లపు బొరియలు మునిగి, బతికిన ఎలుకలు ఎత్తైన కట్టల మీదికి చేరతాయి. నీరు తీసిన వెంటనే ఆ కట్టల మీద బుట్టలు పెట్టించి, నేల ఆరాక మందు పెడితే పెద్ద సంఖ్యలో అదుపులోకి వస్తాయి.

ఊరంతా ఒకేసారి: పది రోజుల పని

ఒక్క రైతు తన ఎకరంలో ఎలుకలను చంపితే పక్క చేలోవి వచ్చి ఆ ఖాళీ బొరియల్లో దిగుతాయి. అందుకే మందు ఎంపిక ఎంత ముఖ్యమో, పక్క రైతుతో మాట కలుపుకోవడం అంత ముఖ్యం. ఊరి మొత్తం కుదరకపోతే కనీసం ఒక బోదె కింద ఉన్న రైతులైనా ఒకే రోజు మొదలుపెట్టండి. కాలువ కట్టలు, మురుగు కాలువల గట్లు, బీడు భూములు ఎవరివీ కాదని వదిలేయొద్దు. ఎలుకల పుట్టిల్లు అక్కడే.

- మొదటి రోజు సాయంత్రం: గట్ల మీద కనిపించిన ప్రతి బొరియనూ మట్టితో మూసేయండి.
- రెండో రోజు సాయంత్రం: మళ్లీ తెరుచుకున్నవీ, తాజా మట్టి పోసినవీ ఎలుక ఉన్న బొరియలు. మందు పొట్లం వాటిలోనే, కర్రతో జానెడు లోపలికి నెట్టండి. మిగతా వాటిని వదిలేయండి.
- మూడో రోజు నుంచి: రోజూ ఉదయం తిరిగి చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పాతిపెట్టండి. బయటికి లాగిన పొట్లాలను కూడా తీసేయండి.
- పదో రోజు: మళ్లీ బొరియలన్నీ మూయండి. మర్నాడు తెరుచుకున్న వాటిలో రెండోసారి పొట్లం పెట్టండి.

మొదటిసారి 40 బొరియలు తెరుచుకుని, రెండోసారి నాలుగైదే తెరుచుకుంటే పని బాగా జరిగినట్టు. సగానికి పైగా తెరుచుకుంటే పక్క చేల నుంచి వస్తున్నట్టు అనుమానించండి.

వ్యవసాయ శాఖ సామూహిక ఎలుకల నివారణ కార్యక్రమాలు చేపడుతుంటుంది. మీ ఊరి రైతు సేవా కేంద్రంలో ముందుగానే అడిగి, రైతులందరి పేరున మందు కోరండి. సాంకేతిక సలహాకు ఘంటసాల, గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రాలను సంప్రదించవచ్చు. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులోని వ్యవసాయ పరిశోధనా స్థానంలో ఎలుకల మీద ప్రత్యేకంగా పరిశోధన జరుగుతోంది.

పొట్ట దాటాక మందు కాదు, పొగ, బుట్ట

పైరు పొట్టకు వచ్చాక ఎర మీద ఆశ పెట్టుకోవద్దు. అప్పుడు బొరియలో పొగ పెట్టడం మేలు. పొగ పెట్టే పరికరంలో వరిగడ్డి కాల్చి, ఆ పొగను ఒక్కో బొరియలోకి రెండు మూడు నిమిషాలు పంపాలి. పొగ ఏ కన్నం నుంచి బయటికి వస్తుందో చూసి దాన్ని మట్టితో మూసేయాలి. ఎలుక ఊపిరాడక లోపలే చస్తుంది. విషం లేదు, పిల్లలతో సహా మొత్తం కుటుంబం పోతుంది. గట్టు పక్కన ఎండుగడ్డి, కుప్పలు ఉంటే నిప్పురవ్వల విషయంలో జాగ్రత్తగా ఉండండి.

కుండతో పొగ పెట్టి, బొరియ తవ్వి ఎలుకలు పట్టడంలో మన ప్రాంతపు యానాదులది తరతరాల నేర్పు. బొరియ ఎటు తిరిగిందో, ఎలుక ఎక్కడ నక్కిందో వారికి తెలిసినట్టు మరొకరికి తెలియదు. తాటాకు, వెదురు బుట్టలు పెట్టి పట్టేవారూ డెల్టాలో ఉన్నారు. పాలు పోసుకునే దశలో వీరికి ఇచ్చే కూలి మందు ఖర్చు కంటే ఎక్కువ ఫలితమిస్తుంది.

గట్లను సన్నగా, అడుగుకు మించకుండా చెక్కి, గడ్డి లేకుండా ఉంచండి. పెద్ద గట్టంటే ఎలుకకు మేడ. నారుమడి చుట్టూ ప్లాస్టిక్ షీటు కట్టి, మూలల్లో బుట్టలు పెట్టండి. పొలంలో అక్కడక్కడా కర్రలు పాతి పైన అడ్డకర్ర కడితే రాత్రిపూట గుడ్లగూబలు వాలి ఎలుకలను వేటాడతాయి. గుడ్లగూబను అశుభమని తరిమేయకండి.

వీటి జోలికి అసలు వెళ్లొద్దు

కరెంటు తీగ: ఎలుకల కోసం మడి చుట్టూ కరెంటు తీగ లాగడం నేరం. చీకట్లో నీరు పెట్టడానికి వెళ్లిన సొంత మనుషులే దానికి బలైన సంఘటనలు మన జిల్లాల్లో జరిగాయి. తడి పొలంలో తీగ తెగి పడినా తెలియదు. ఎన్ని బస్తాలు మిగిలినా ఒక ప్రాణానికి సరిపోవు.

పురుగుమందు గుళికలు: నూకల్లో గుళికలు కలిపి పెట్టే అలవాటు మానండి. కుక్కలు, బాతులు, కొంగలు, గేదెలు వరుసగా చస్తాయి. ఫోరేట్ గుళికల అమ్మకం, వాడకం 2020 డిసెంబరు 31 నుంచి దేశంలో నిషేధం.

అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు: వీటి వాడకం మీద ప్రభుత్వ ఆంక్షలు ఉన్నాయి. నిపుణుల పర్యవేక్షణలో తప్ప రైతు సొంతంగా వాడకూడదు. ఇంట్లో ఒక్క బిళ్ల కూడా దాచకండి.

పసుపు భాస్వరం ఉన్న పేస్టు: ఇళ్లలో ఎలుకలకని అమ్మే ఈ పేస్టు కాలేయాన్ని దెబ్బతీస్తుంది. దీనికి విరుగుడు లేదు. పొలానికీ వద్దు, ఇంటికీ వద్దు.

అడవి పందులు చేను తొక్కుతున్నా ఈ మందులు, ఉచ్చులు వాడకండి. 2022 సవరణ తర్వాత అడవి పంది వన్యప్రాణి చట్టం రెండో షెడ్యూలులో ఉంది. అటవీ శాఖ అధికారులకు ఫిర్యాదు చేయాలి.

చేతులు, పిల్లలు, ఆసుపత్రి

ఎర కలిపేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ఆరుబయట కలపండి. వాడిన గిన్నె, గరిటె మళ్లీ వంటింట్లోకి రాకూడదు. మిగిలిన ఎరను పాతిపెట్టండి. మందును బియ్యం డబ్బా పక్కన, మంచం కింద పెట్టకండి, తాళం వేసిన పెట్టెలో ఉంచండి. ఇంట్లో ఎవరైనా మనసు బాగాలేక ఉన్న రోజుల్లో మందు ఇంటికి తేవద్దు. కావలసినంతే కొని ఆ రోజే వాడేయండి. బాతుల మందలు పొలాల్లో తిరిగే రోజుల్లో కాపరులకు ముందే చెప్పండి.

చచ్చిన ఎలుకను వట్టి చేత్తో పట్టుకోవద్దు. ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా ఎలుక జ్వరం వస్తుంది. కాళ్ల మీద పుండ్లు ఉన్నప్పుడు మడిలో దిగాల్సివస్తే బూట్లు వేసుకోండి. పొలం పని చేసిన తర్వాత తీవ్ర జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే వైద్యునికి మీ పని గురించి చెప్పండి.

ఎవరైనా మందు మింగితే వెంటనే 108కి ఫోన్ చేయండి. పాలు, ఉప్పునీళ్లు తాగిస్తూ సమయం పోగొట్టుకోవద్దు. మందు ప్యాకెట్‌ను ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏ మందో తెలిస్తేనే చికిత్స సరిగా సాగుతుంది. బ్రోమోడయోలోన్‌కు విటమిన్ కె1 విరుగుడుగా పనిచేస్తుంది. కానీ ఇది మింగిన మనిషి మొదటి రెండు రోజులు బాగానే కనిపిస్తాడు. బాగానే ఉన్నాడు కదా అని ఇంట్లో ఉంచేస్తే ఆ తర్వాత రక్తస్రావం మొదలవుతుంది.

గుర్తుంచుకోవాల్సినవి

- నాట్లకు ముందు, పిలకల దశలో బ్రోమోడయోలోన్. పొట్ట దాటాక పొగ, బుట్టలు.
- జింక్ ఫాస్ఫైడ్ వాడితే ముందు విషం లేని ఎర అలవాటు చేయాలి. సీజనుకు ఒక్కసారే.
- కిలో ఎరకు 960 గ్రాముల నూకలు, 20 గ్రాముల నూనె, 20 గ్రాముల మందు. బొరియకు 15 గ్రాముల బ్రోమోడయోలోన్ ఎర.
- మందుకు ముందు బొరియలు మూసి, తెరుచుకున్న వాటిలోనే పెట్టాలి.
- పక్క రైతుతో కలిసి ఒకే రోజు మొదలుపెట్టాలి.

ఈ సారి కాలువకు నీరు వదలక ముందే ఒక సాయంత్రం మీ గట్ల మీద నడిచి బొరియలు లెక్కపెట్టండి. ఆ లెక్క పట్టుకుని పక్క చేను రైతుతో మాట్లాడండి. మందు కొనడం దాని తర్వాతి పని.